గ్రేడ్ చూసి ఆగిపోకండి: హోటల్ తనిఖీ రికార్డు చదవడం ఎలా?
(ఒక సభలో చేసిన ప్రసంగం, లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒకటి రెండు పేజీల కాగితం గురించి. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ హోటల్ వంటగదికి వెళ్ళి, అన్నీ చూసి, రాసిపెట్టే తనిఖీ రిపోర్టు అది. చాలా నగరాల్లో ఇప్పుడిది ఆన్‌లైన్‌లోనే దొరుకుతోంది. హోటల్ పేరు కొడితే చాలు, ఏ రోజు తనిఖీ జరిగింది, ఏం దొరికింది, ఎన్ని పాయింట్లు పడ్డాయి, అన్నీ వచ్చేస్తాయి. అయినా చాలామంది గుమ్మం దగ్గర అంటించిన అక్షరాన్నో అంకెనో చూసి లోపలికి నడుస్తారు. కాస్త ఓపిక ఉన్నవాళ్ళు రికార్డు తెరుస్తారు గానీ, అందులో బొద్దింక, ఎలుక అన్న మాటల కోసం వెతుకుతారు. అవి లేకపోతే హమ్మయ్య అనుకుని మూసేస్తారు.

నా దృష్టిలో ఆ రికార్డులో అన్నిటికన్నా విలువైనది వేరే ఉంది. ఒక తనిఖీలో దొరికిన తప్పు తర్వాతి తనిఖీలో మళ్ళీ దొరికిందా లేదా అన్నది. మిగతావన్నీ దాని తర్వాతే. ఎందుకో చెప్పాలంటే ముందు గ్రేడ్ ఎలా పుడుతుందో చూడాలి.

న్యూయార్క్ నగరం 2010 జులైలో అక్షరాల గ్రేడ్లు మొదలుపెట్టింది. అక్కడ పాయింట్లంటే తప్పులకు వేసే పాయింట్లు, తక్కువ వస్తే మంచిది. 13 దాకా ఏ, 14 నుంచి 27 దాకా బీ, 28, ఆపైన సీ. ఇక్కడొక మెలిక ఉంది. మొదటి తనిఖీలో ఏ రాకపోతే అప్పుడే గ్రేడ్ వెయ్యరు. కొన్నాళ్ళాగి మళ్ళీ వస్తారు, ఆ రెండోసారి వచ్చిన పాయింట్లను బట్టి గ్రేడ్ ఇస్తారు. అప్పుడూ ఏ రాకపోతే, విచారణ పూర్తయ్యేదాకా 'గ్రేడ్ పెండింగ్' అన్న కార్డు పెట్టుకోవచ్చు. అంటే గుమ్మానికి ఏ వేలాడుతున్న హోటల్, నెల కిందట మొదటి తనిఖీలో 30 పాయింట్లు తెచ్చుకుని ఉండొచ్చు. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వస్తాడని తెలిసి వంటగది కడగడం, పరీక్ష ముందు రాత్రి కూర్చుని చదవడం లాంటిదే. పాసవుతారు, కాదనను. కానీ మనం తినేది పరీక్ష రోజున కాదు కదా! ఆ మొదటి తనిఖీ వివరాలు మాత్రం రికార్డులో అలాగే ఉంటాయి. కార్డు మీద మాత్రం కనిపించవు.

బ్రిటన్‌ది ఇంకో పద్ధతి. అక్కడ సున్నా నుంచి ఐదు దాకా అంకెలు, ఐదు వస్తే చాలా మంచిది. ఆ అంకె వెనక మూడు విషయాలు చూస్తారు. ఆహారాన్ని ఎలా పట్టుకుంటున్నారు, వండుతున్నారు, చల్లారుస్తున్నారు అన్నది ఒకటి. గోడలు, నేల, వెలుతురు, గాలి లాంటి కట్టడం సంగతులు రెండోది. మూడోది నాకు బాగా నచ్చింది: యాజమాన్యం మీద నమ్మకం. మేము లేనప్పుడు కూడా వీళ్ళు ఇలాగే ఉంటారా అని ఇన్‌స్పెక్టర్ తనను తాను ప్రశ్నించుకుని మార్కు వెయ్యాలన్నమాట. వేల్స్‌లో 2013 నుంచి, ఉత్తర ఐర్లాండ్‌లో 2016 నుంచి ఆ స్టిక్కర్ కచ్చితంగా అంటించాలి. ఇంగ్లండ్‌లో మాత్రం హోటల్‌వాళ్ళ ఇష్టం. అక్కడ గుమ్మం మీద స్టిక్కర్ కనబడకపోతే ఎందుకు లేదో మీరే ఊహించుకోండి. (నవ్వులు)

డెన్మార్క్‌లో 2001 నుంచి నవ్వు మొహాల బొమ్మలు పెడుతున్నారు, బొమ్మతో పాటు రిపోర్టు కూడా గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా అంటించాల్సిందే. టొరంటోలో కూడా 2001లోనే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు వచ్చాయి. లాస్ ఏంజెలెస్‌ది వీటన్నిటికన్నా ముందు. 1997 చివర్లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరాలతో వంటగదుల్ని చూపించింది. జనం గగ్గోలు పెట్టారు. కొద్ది నెలల్లోనే అక్షరాల కార్డులు గుమ్మాలకెక్కాయి.

మరి ఈ కార్డుల వల్ల జబ్బులు తగ్గాయా? జింజర్ జిన్, ఫిలిప్ లెస్లీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లాస్ ఏంజెలెస్ లెక్కలు తీసి, 2003లో ఒక పరిశోధన వేశారు. కార్డులొచ్చాక ఆహారం వల్ల జబ్బు చేసి ఆసుపత్రిలో చేరేవాళ్ళు సుమారు 20 శాతం తగ్గారని తేల్చారు. ఎన్నో ఊళ్ళు ఆ మాట పట్టుకుని గ్రేడ్లు మొదలుపెట్టాయి. తర్వాత 2019లో డేనియల్ హో, ఆయన సహచరులు అవే లెక్కల్ని తిరగదోడి చూశారు. కార్డులు రాకముందు ఆ ప్రాంతంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా విజృంభించి ఉంది, అది తగ్గుముఖం పట్టడాన్ని కార్డుల ఖాతాలో వేసేశారు అన్నారు. నాకు రెండోవాళ్ళ వాదనే సబబుగా కనిపిస్తుంది. అలాగని కార్డులు దండగ అనను. కార్డు వల్ల వంటగది కాస్త శుభ్రపడొచ్చు, కానీ అక్షరం చూసి మీ కడుపు సంగతి చెప్పడం కష్టం.

అమెరికాలోనే మరో రెండు పరిశోధనలు చూడండి. సియాటిల్ ప్రాంతంలో 1989లో వచ్చిన పరిశోధన, తనిఖీలో తక్కువ మార్కులొచ్చిన హోటళ్ళలోనే ఫుడ్ పాయిజనింగ్ కేసులు ఎక్కువని చెప్పింది. టెనెసీ రాష్ట్రంలో 2004లో వచ్చిన ఇంకో పరిశోధన, కేసులొచ్చిన హోటళ్ళ సగటు మార్కులకూ రాని హోటళ్ళ సగటు మార్కులకూ తేడా లేదంది. ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమన్నట్టుంది కదా. నాకు మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. మొత్తం మార్కు అనేది కిచిడీ. నేల మీద పగిలిన టైలుకీ, ఫ్రిజ్ పనిచెయ్యకపోవడానికీ, బల్బుకి కవరు లేకపోవడానికీ, చేతులు కడుక్కోకపోవడానికీ అన్నిటికీ కలిపి ఒకే అంకె వస్తుంది. ఆ అంకెలో ఏ భాగం దేనిదో విడదీసి చూడకపోతే ఏమీ తెలియదు.

కాబట్టి విడదీద్దాం. మనిషిని జబ్బు పడేసేవి కొన్నే. సరిగ్గా ఉడకకపోవడం, వండినదాన్ని సరైన వేడిలోనో చల్లదనంలోనో ఉంచకపోవడం, చేతుల శుభ్రత లేకపోవడం, పచ్చి మాంసం తగిలిన కత్తీ బోర్డూ కడక్కుండా వేరేదానికి వాడటం, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని సరుకు. తనిఖీ ఫారాల్లో సాధారణంగా ఇవి పైభాగంలో ఉంటాయి. నేల, గోడలు, దీపాలు, చెత్తబుట్ట మూతలు కిందిభాగంలో. చదివేటప్పుడు పైభాగం మీదే మీ కళ్ళు ఎక్కువసేపు ఉండాలి.

వీటిలో వేడి, చల్లదనం సంగతి కాస్త నింపాదిగా చెప్తాను. రికార్డుల్లో అతి ఎక్కువగా కనిపించేదీ, చదివేవాళ్ళు అతి తేలిగ్గా దాటేసేదీ ఇదే.

5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అందుకే చల్లనిది 5 కన్నా చల్లగా, వేడిది 60 కన్నా వేడిగా ఉండాలి. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది చల్లార్చడం. పెద్ద గిన్నె నిండా మాంసం వండారనుకోండి. తెర్లబెట్టినంత మాత్రాన అన్నీ చచ్చిపోవు. క్లోస్ట్రిడియమ్ పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకి గింజల్లాంటి స్పోర్లుంటాయి, అవి మరిగే వేడిని కూడా తట్టుకుంటాయి. గిన్నె చల్లారుతూ 40, 45 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అవి మొలకెత్తుతాయి. ఆ వేడిలో సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. గిన్నె అంచు చల్లబడుతుంది, మూత తీసి చూస్తే పైన ఆవిరి కూడా ఉండదు, మధ్యలో మాత్రం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. అందుకే అమెరికా ఫుడ్ కోడ్, అంటే ఆహార భద్రతకు అక్కడి నమూనా నియమావళి, రెండు మెట్ల లెక్క పెట్టింది. 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో రావాలి. అక్కడి నుంచి 5 డిగ్రీలకు రావడానికి ఇంకో నాలుగు గంటలు. మొదటి మెట్టుకి టైమ్ తక్కువ ఎందుకంటే బ్యాక్టీరియా పరుగు అందులోనే ఎక్కువ. లోతు గిన్నెలోది వెడల్పాటి పళ్ళేల్లోకి పల్చగా పోస్తే, లేదా గిన్నెను ఐసునీళ్ళలో పెట్టి కలుపుతూ ఉంటే ఆ టైముకి చల్లారుతుంది. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. రాత్రి హోటల్ కట్టేసే వేళ ఒళ్ళు అలిసిపోయిన మనిషి ఆ పని చెయ్యాలి, అంతే. అక్కడే వస్తుంది చిక్కంతా.

'వాసన చూస్తే తెలిసిపోతుంది కదండీ' అంటారు. తెలియదు. పాచి వాసన తెచ్చే బ్యాక్టీరియా వేరు, మనల్ని పడుకోబెట్టేది వేరు. 'మళ్ళీ మరగబెట్టి ఇస్తాం కదా' అంటారు. కొన్నిటికి అది పనికొస్తుంది, కొన్నిటికి రాదు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఒక విషాన్ని తయారుచేస్తుంది. మళ్ళీ వేడిచేస్తే బ్యాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం చెక్కుచెదరదు. చేతి పుండు నుంచో ముక్కు నుంచో ఆహారంలో పడే స్టెఫిలోకాకస్ సంగతీ అంతే.

ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ ఏం చేస్తాడో దగ్గరగా చూద్దాం. జేబులోంచి సూదిలాంటి థర్మామీటర్ తీస్తాడు. దాన్ని ఐసుముక్కలు నింపిన నీళ్ళలో ముంచి సున్నా చూపిస్తోందా లేదా సరిచూసుకుంటాడు. తర్వాత ఫ్రిజ్ తలుపు మీద వెలిగే అంకెను నమ్మకుండా, లోపలి డబ్బాలో ఉన్న పదార్థంలోనే సూది గుచ్చుతాడు. అది కూడా డబ్బా పైపైన కాదు, మధ్యలో. చేతులు కడుక్కునే సింక్ దగ్గరికెళ్ళి అడుగు తడిగా ఉందా అని చూస్తాడు. మధ్యాహ్నం రద్దీ మధ్యలో ఆ సింక్ ఎండిపోయి ఉంటే, అందులో గిన్నెలు పేర్చి ఉంటే, ఇక సబ్బు ఉందా అని అడగక్కర్లేదు. బల్ల తుడిచే మసిగుడ్డ నానబెట్టిన బకెట్లో క్రిమినాశక మందు ఎంతుందో చూడటానికి చిన్న కాగితం పట్టీ ముంచుతాడు. క్లోరిన్ అయితే లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. పొద్దున కలిపిన నీళ్ళు మధ్యాహ్నానికి జిడ్డుపట్టి వట్టి నీళ్ళయిపోతాయి. అప్పుడా గుడ్డ ఒక బల్ల మీది మురికిని ఇంకో బల్లకి మోస్తుంది.

అమెరికా ఫుడ్ కోడ్ ఇచ్చిన నమూనా ఫారంలో వండటం, చల్లార్చడం లాంటి వరుసలకి నాలుగు గళ్ళుంటాయి. నియమం పాటిస్తున్నారు, పాటించడం లేదు, ఇక్కడ వర్తించదు, నాలుగోది 'చూడలేదు'. ఆ నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. చూడలేదంటే తప్పు లేదని కాదు, ఇన్‌స్పెక్టర్ వచ్చిన వేళకు ఆ పని జరగడం లేదని. చల్లార్చడం అనే వరుసలో ఈ గడి తరచూ నిండుతుంది. తనిఖీలు ఎక్కువగా పగటిపూట జరుగుతాయి, చల్లార్చడం రాత్రి కట్టేసేముందు జరుగుతుంది. అతి ప్రమాదకరమైన పనిని చూసేవాడు లేకుండానే రికార్డు క్లీన్‌గా వచ్చేస్తుందన్నమాట! పక్కనే ఇంకో రెండు గళ్ళున్నాయి. 'అక్కడికక్కడే సరిచేశారు' అన్నదొకటి, 'మళ్ళీ దొరికింది' అన్నది రెండోది. నేను మొదట్నించీ చెప్తున్నది ఈ రెండో గడి గురించే.

ఒక హోటల్ రికార్డు ఇలా ఉందనుకుందాం. ఇది నేను కల్పించింది, ఎవరిదీ కాదు. మొదటి తనిఖీలో మూడు తప్పులు: వంటవాడి పక్కనుండే ఫ్రిజ్‌లో 9 డిగ్రీలు, చేతులు కడిగే సింక్ ముందు గంపలు, నేల మీద పగిలిన టైలు. రెండు వారాల తర్వాత మళ్ళీ వస్తే ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంది, గంపలు తీసేశారు, టైలు అలాగే ఉంది. ఏడెనిమిది నెలలకు ఇంకో తనిఖీ. టైలు కొత్తది వేశారు. ఫ్రిజ్‌లో మళ్ళీ 9 డిగ్రీలు.

మామూలుగా చదివితే మూడు తప్పులు ఒకటికి తగ్గాయి, బాగుపడ్డారు అనుకుంటాం. నేనైతే ఆ 9 దగ్గర ఆగిపోతాను. ఒకే ఫ్రిజ్ ఒకే అంకెకి ఎందుకొచ్చింది? తలుపు రబ్బరు పోయి ఉండొచ్చు. డబ్బాల్ని అంచు దాటి కుప్పగా నింపడం వల్ల పైన ఉన్నదానికి చల్లదనం అందకపోవచ్చు. రద్దీలో మూత తెరిచే వదిలేస్తూ ఉండొచ్చు. లేకపోతే గోరువెచ్చటి గిన్నెల్ని నేరుగా అందులోనే తోసేస్తూ ఉండొచ్చు. ఏదైనా సరే, ఇన్‌స్పెక్టర్ రెండోసారి వచ్చిన రోజుకి దాన్ని సర్దారు గానీ కారణం జోలికి పోలేదు. రోజూ పొద్దున థర్మామీటర్ పెట్టి నోట్‌బుక్‌లో రాసుకునే మనిషి ఆ వంటగదిలో ఉంటే ఈ 9 ఎప్పుడో బయటపడేది. మరో హోటల్‌కి ఒక్క తనిఖీలో ఆరు తప్పులు దొరికి, వాటిలో నాలుగు అక్కడికక్కడే సరిచేసి, ఆ తర్వాత వాటిలో ఒక్కటీ మళ్ళీ కనిపించకపోతే నేను దాన్నే ఎంచుకుంటాను, దానికి బీ వచ్చినా సరే.

ఒక హోటల్‌ని దాని పాత రికార్డుతోనే పోల్చమని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. ఇన్‌స్పెక్టర్లు కూడా మనుషులే. మరియా ఇబానియెజ్, మైఖేల్ టాఫెల్ అనే ఇద్దరు పరిశోధకులు వేల తనిఖీల వివరాలు తిరగేశారు. ఇన్‌స్పెక్టర్ రోజు గడిచేకొద్దీ తక్కువ తప్పులు రాస్తున్నాడని, డ్యూటీ టైము దాటిపోయేలా ఉంటే ఇంకా తగ్గుతున్నాయని, అంతకుముందు చూసిన హోటల్ మురికిగా ఉంటే తర్వాతి హోటల్‌కి ఎక్కువ తప్పులు పడుతున్నాయని తేల్చారు. షికాగో నగరం ఏ హోటల్‌కి ముందు వెళ్ళాలో చెప్పే కంప్యూటర్ మోడల్ ఒకటి తయారుచేసుకుంది. పరీక్షించి చూస్తే తీవ్రమైన తప్పులు సగటున ఏడున్నర రోజుల ముందే దొరుకుతాయని తేలింది. ఆ మోడల్‌కి ఇచ్చిన వివరాల్లో తనిఖీకి వెళ్ళే ఇన్‌స్పెక్టర్ ఎవరన్నది కూడా ఉంది! కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు హోటళ్ళలో ఒకదానికి 8, ఇంకోదానికి 11 వచ్చాయని దెబ్బలాడుకోకండి. తేడా వంటగదిదో, చూసిన కళ్ళదో చెప్పలేం. రెండు వేరువేరు నగరాల మార్కుల్ని పోల్చడమైతే మరీ అన్యాయం.

ఈ కాగితం పట్టుకోలేనిది ఇంకొకటుంది. జబ్బుతో పనికొచ్చిన మనిషి. నోరోవైరస్ చాలా కొద్దిగా లోపలికి పోయినా చాలు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆల్కహాల్ శానిటైజర్‌కి అది అంతగా లొంగదు, సబ్బుతో బాగా రుద్ది కడగాల్సిందే. లక్షణాలు తగ్గాక 48 గంటల దాకా వంటగదిలోకి రాకూడదని బ్రిటన్ నియమం. రోజుకూలీ పోతుందన్న భయంతో కడుపు పట్టుకుని పనికొచ్చే కుర్రాణ్ణి ఏ థర్మామీటరూ పట్టుకోదు. ఒక్కటి మాత్రం రికార్డులో దొరుకుతుంది. సిబ్బందికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో పనివాళ్ళకు తెలుసా అన్న వరుస. అక్కడ తప్పు పడి ఉంటే దాన్ని కాగితాల లోపం అనుకుని కొట్టిపారెయ్యకండి.

ఎలుకలు, బొద్దింకల గురించి ఏమీ చెప్పలేదని కొందరి మొహాల్లో కనిపిస్తోంది. పెంటికలు కనబడ్డాయని రాసి ఉంటే ఎక్కడ కనబడ్డాయో చదవండి. సామాను గదిలో ఒక మూలనా, పిండి డబ్బాల పక్కనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక పురుగు ఒకసారి కనబడితే నేను భయపడను, రెండు తనిఖీల్లో కనబడితే ఆ గుమ్మం తొక్కను.

చివరగా, వచ్చేముందు ఒకరు చీటీ మీద రాసిచ్చిన ప్రశ్న. 'హోటల్లో తిన్నాక జబ్బు చేసింది. ఫిర్యాదు చేస్తే లాభముంటుందా?'

ఉంటుంది. కానీ ఆఖరిసారి తిన్నదాని మీదే నెపం వెయ్యకండి. స్టెఫిలోకాకస్ విషమైతే కొద్ది గంటల్లోనే జబ్బు మొదలవుతుంది. పెర్‌ఫ్రింజెన్స్‌కి ఆరు గంటల నుంచి ఒక రోజు. నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు. సాల్మొనెల్లాకి ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టొచ్చు. అందుకని గత కొన్ని రోజుల్లో ఎక్కడెక్కడ, ఎన్నింటికి, ఏం తిన్నారో, మీతో పాటు ఎవరికి చేసిందో, ఎప్పుడు మొదలైందో రాసి ఇవ్వండి. డాక్టర్ మల పరీక్ష రాస్తే చేయించుకోండి. ఒకే హోటల్ పేరు నలుగురి కాగితాల్లో కనిపిస్తే అధికారులకు దారి దొరుకుతుంది. ఆ తర్వాత జరిగే తనిఖీకి రికార్డులో 'ఫిర్యాదు మీద' అని విడిగా ఉంటుంది. అందులో ఏమీ దొరకలేదని రాసి ఉన్నా మీరు అబద్ధమాడినట్టు కాదు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి మీరు తిన్న గిన్నె ఎప్పుడో కడిగేసి ఉంటారు. మీ ఫిర్యాదు తేదీ మాత్రం అక్కడ ఉండిపోతుంది, తర్వాత వచ్చే ఫిర్యాదును దాని పక్కన పెట్టి చూస్తారు.